ఎనిమిదో గంట వాసన

కరోల్ బాగ్‌లో జల్లెడ బేరం పావుగంట ఎక్కువ పట్టిన కారణంగా ఛాయాదేవి గారు మెట్రో రైల్లో ముక్కూ మొహం తెలియని ఒక పెద్దావిడకి ఉప్పు తగ్గించమని వైద్యం చెప్పవలసి వచ్చింది.

జరిగింది ఇంతే. ఆ గురువారం సుందరరామయ్య గారు మూడింటికి ఆఫీసులో పర్మిషన్ పెట్టి, రవికల గుడ్డలకీ జల్లెడకీ భార్యతో కలిసి బజారుకెళ్లారు. అనుకున్న ప్రకారం ఏడింటికల్లా మయూర్ విహార్‌లో ఇంట్లో ఉండాలి. కానీ జల్లెడ కన్నాలు పెద్దవని ఆవిడా, అసలు జల్లించేది పిండా గోధుమలా అని కొట్టతనూ చెరో భాషలో తేల్చుకునేసరికి పొద్దుపోయింది. రైలు మండీ హౌస్ దాటుతుండగా ఏడయింది. ఏడంటే ఏడే, ఏడూ పది పనికిరాదు. సుందరరామయ్య గారు అటూ ఇటూ చూసి ఎడం చేతి చొక్కా మోచేతి పైదాకా మడిచారు. మణికట్టు నుంచి మోచేతి వరకూ బాల్‌పెన్నుతో గీసిన నాలుగు గళ్లు, గడికో అంకె. ఛాయాదేవి గారు జల్లెడ ఆయన చంకలో ఇరికించి, ఆ చేతిని రెండు చేతులా పట్టుకుని, కళ్లు మూసుకుని, ఒకటో గడి నుంచి నాలుగో గడి దాకా ఆగి ఆగి వాసన చూశారు. చూసి ఏదో గొణిగారు. ఆయన జల్లెడ మీద బిల్లు ఆనించి, దాని వెనక రాసుకున్నారు.

ఒక సర్దార్జీ లేచి సీటిచ్చాడు. కాలేజీ పిల్ల ఒకతి షుగరా అని జాలిగా అడిగింది. యమునా బ్యాంకు స్టేషన్ వచ్చేలోపు ఎదుటి సీట్లో పెద్దావిడ గాజుల చెయ్యి చాపి, నాదీ ఒకసారి చూడండి బహెన్‌జీ, నాలుగు నెలల్నించి గుంజేస్తోంది అంది. ఇది వైద్యం కాదని చెప్పడానికి ఛాయాదేవి గారికి అంత హిందీ లేదు. తోసిపుచ్చడానికి మనసు లేదు. అంచేత ఆ చెయ్యి కూడా పద్ధతిగా వాసన చూసి, కాస్త ఆలోచించి, "నమక్ కమ్ ఖావో అమ్మా" అన్నారు. పెద్దావిడ వంగి దండం పెట్టింది. ఆ వెనకాల ఇంకో ఇద్దరు అప్పటికే చొక్కాలు మడుచుకుంటున్నారు. భార్యాభర్తలు దిగాల్సినదానికి ఒక స్టేషన్ ముందే, అక్షర్‌ధామ్‌లో దిగిపోయి వెనక రైలు కోసం నిలబడ్డారు.

ఆ వైద్యమేమిటని ఆయన విసుక్కుంటే, ఉప్పు తగ్గిస్తే ఎవరికి నష్టం అన్నారావిడ.

ఆ చేతి మీద గళ్లెందుకో చెప్పాలి. సుందరరామయ్య గారు పనిచేసేది నోయిడాలో ఒక సెంటు కంపెనీలో. సీసాలమ్మే కంపెనీ కాదది. సబ్బులకీ, తలనూనెలకీ, బాడీ స్ప్రేలకీ కావలసిన వాసన తయారుచేసి డబ్బాల్లో పంపే కంపెనీ. రామచంద్రపురం నుంచి ఇరవై ఏడేళ్ల వయసులో స్టోర్సులో గుమస్తాగా వచ్చారు. వచ్చిన పదకొండేళ్లకి ఆయన జాతకం మారింది. కన్నౌజ్ నుంచి వచ్చిన మిశ్రాజీ అని ల్యాబుకి పెద్దాయన ఒకాయన ఉండేవాడు. ఒకరోజు ఆఫీసులో ఉన్న డజను మందినీ వరసగా నిలబెట్టి ఒకే సెంటు అందరి చేతులకీ రాశాడు. సాయంత్రానికి డ్రైవరు చేతి మీద అది పులిసింది. రిసెప్షన్ అమ్మాయి చేతి మీద గంటకే మాయమైంది. అకౌంట్సు ఆయన చేతి మీద పాకంలా తియ్యబడిపోయింది. సుందరరామయ్య గారి చేతి మీద మాత్రం ఎలా తయారుచేశారో అలాగే, చెప్పినమాట వింటూ, ఏ గంటకి మారాల్సింది ఆ గంటకి మారింది. ఈ మనిషి చర్మానికి సొంత అభిప్రాయాలు లేవు అన్నాడు మిశ్రాజీ సంబరంగా.

ఇంటికొచ్చి ఈ మాట గొప్పగా చెప్పుకుంటే, "ఆ సంగతి నాకు పెళ్లయిన వారానికే తెలుసు" అన్నారు ఛాయాదేవి గారు.

మర్నాటి నుంచి ఆయన స్టోర్సు మానేసి చెయ్యి అయ్యారు. పొద్దున్న పదకొండింటికి గళ్లు గీసి, గడికో శాంపిలు రాస్తారు. కాగితం మీద రాసిన సెంటు ఎక్కడ వేసింది అక్కడే ఉంటుంది, ఒంటి మీద పడ్డదానికి ఆయుర్దాయం మొదలవుతుంది. మొదటి పది నిమిషాలూ నిమ్మా నారింజా పెళ్లివారి బ్యాండుమేళంలా ముందుకి దూసుకొస్తాయి. కొట్లో మనం మోసపోయి సీసా కొనేసేది ఆ పది నిమిషాల్లోనే. గంటకి ఆ హడావిడి అణిగి పూలు కూర్చుంటాయి. నాలుగో గంటకి పూలు వడిలి, కింద దాక్కున్న చెక్కా వేరూ బంకా బయటపడతాయి. ఎనిమిదో గంటకి మిగిలేది ఉంది చూశారూ, అందులో సెంటెంతో మనిషెంతో విడదీసి చెప్పడం కష్టం. కానీ ఆ సెంటు వాడినవాడు సాయంత్రం ఇంటికెళ్లి పెళ్లాం పక్కన కూర్చునేది ఆ వాసనతోనే. అందుకని కంపెనీకి ఎనిమిదో గంట కావాలి.

చిక్కల్లా ఏమిటంటే అది సాయంత్రం ఏడింటికి వస్తుంది. ఆఫీసు ఐదున్నరకి మూసేస్తారు. రాసుకున్నవాడు తనే వాసన చూసి చెబుదామంటే కుదరదు. పొద్దుటి నుంచీ ఒంటి మీదే ఉన్నదాన్ని ముక్కు లెక్కలోంచి తీసేస్తుంది, ఎవరింటి వాసన వాళ్లకి తెలియనట్టే. మరొక మనిషి కావాలి. ఇంట్లో ఎవరున్నారు అన్నాడు మిశ్రాజీ. మా ఆవిడుంది అన్నారు సుందరరామయ్య గారు. ఫారంలో నాలుగో వరసన, ఎనిమిదో గంట ఎదురుగా, వాసన చూసినవారి పేరు అనే గడిలో ఆవేళ ఛాయాదేవి అని రాశారు. ఆ తరవాత పందొమ్మిదేళ్లు, సెలవులు పోను, రోజూ రాశారు.

ఆవిడకి సెంట్ల భాష రాదు. తనకి తెలిసిన భాషలో చెప్పేవారు. ఒకటో గడి, శీతాకాలం రగ్గు పెట్టెలోంచి తీసినట్టుంది. రెండోది, వాన వెలిశాక కిటికీ ఊచలు. మూడోది, రైల్లో కింది బెర్తు, అదీ మన ముందు ఎవరో దిగిపోయిన బెర్తు. నాలుగోది, పెళ్లయిన మూడోరోజు విడిది గది, దీన్ని పారెయ్యమనండి. ఆయన ముందు తెలుగులో నోటుబుక్కులో రాసుకుని, తరవాత ఫారం మీద ఇంగ్లీషు చేసేవారు. కింది బెర్తుకి మిశ్రాజీ పది నిమిషాలు కళ్లు మూసుకుని కూర్చుని, సెంటులో కలిపే సరుకుల్లో ఏదో ఒకటి సగానికి తగ్గించాడు. ఆవిడ చెప్పిన విడిది గదిని నిజంగానే పారేశారు.

ఈ ఉద్యోగం ఇద్దరిదీ. ఆయన వాసన లేని సబ్బు రుద్దుకోవాలి, తలకి నూనె రాయకూడదు. పెళ్లిళ్లలో పన్నీరు చల్లేవాళ్లని చూస్తే గుమ్మంలోంచే వెనక్కి పరిగెత్తేవారు. రెండుసార్లు పెళ్లికూతురి తండ్రికి కోపమొచ్చింది. ఉల్లీ వెల్లుల్లీ ఇంగువా ఒంట్లోంచి చెమటలో వస్తాయని ఇంట్లో గోంగూర పచ్చడి శనివారానికి వాయిదా. ఆవిడ ముక్కు శుభ్రంగా ఉండాలి గనక పోపులన్నీ ఐదింటిలోపే ముగించి కిటికీలు బార్లా తీసేవారు, డిసెంబరు చలిలో కూడా. పౌడరు లేదు. కొబ్బరినూనె లేదు. మల్లెపూలంటే ప్రాణం ఆవిడకి. అవీ ఆదివారం పూటే. పోనీ పెట్టుకో ఛాయా, ఒక్కరోజుకి ఏమవుతుంది అని ఆయన అన్నా, నాలుగో గడిలో పూలుంటే నావో నీవో ఎలా తెలుస్తుంది అనేవారు. వేళాకోళం చేస్తున్నప్పుడూ, ఏడింటికి చెయ్యి పట్టుకున్నప్పుడూ మాత్రమే ఆవిడ ఆయన్ని నువ్వు అనేవారు.

నడివయసు దాటిన మొగుడూ పెళ్లాలు ఊరికే చేతులు పట్టుకుని కూర్చుంటే ఎవరైనా నవ్వుతారు, ముందు వాళ్లకే నవ్వొస్తుంది. వీళ్లకి కంపెనీ ఒక కారణం ఇచ్చింది. రోజూ ఏడింటికి, సోఫాలో కాదు, కిటికీ పక్కన రెండు ప్లాస్టిక్ కుర్చీల్లో. పొద్దున్న ఎంత పోట్లాడుకున్నా సరే. ఒకసారి సాత్విక, వాళ్లమ్మాయి, గురుగ్రామ్‌లో విడిగా ఫ్లాటు తీసుకుంటానన్నప్పుడు ఇద్దరూ నాలుగు రోజులు మాట్లాడుకోలేదు. ఆ నాలుగు రోజులూ కూడా ఏడింటికి ఆవిడ వచ్చి కూర్చుని, చెయ్యి అందుకుని, మొహం ఆవల పెట్టుకునే, ఒకటోది తడిసిన అట్టపెట్టె, రెండోది పరవాలేదు, అని చెప్పి వెళ్లిపోయారు.

ఈ మార్చిలో ఒక మంగళవారం, మధ్యాహ్నం ఆరేసిన బట్టలు మడతపెడుతూ ఛాయాదేవి గారు పక్కకి ఒరిగిపోయారు. మెదడులో నరం చిట్లిందన్నారు. ఎదురు ఫ్లాటులో ఉండే గోవిందరాజులు గారూ, ఆయన భార్యా చూసి, ఆస్పత్రికి తీసుకెళ్లి, సుందరరామయ్య గారికి ఫోను చేసేసరికే అంతా అయిపోయింది. ఐదింటికి ఇంటికి తెచ్చారు. పొద్దుకుంకాక పనికిరాదు గనక మర్నాడే తీసుకెళ్లాలి. హాల్లో ఐసు మీద పడుకోబెట్టి, పుణ్యస్త్రీ అని పసుపు రాసి, బొట్టు పెట్టి, తలనిండా మల్లెదండలు తురిమారు. పందొమ్మిదేళ్లలో మంగళవారం నాడు ఆవిడ తలలో పూలు చూడటం ఆయనకి అదే మొదటిసారి. ఇంటినిండా అగరొత్తులు. ఎవరెవరి పౌడర్లో, ఎవరి జేబుల్లోని జర్దానో. అంత శుభ్రంగా ఉంచుకున్న గాలి.

గోడ గడియారంలో ఏడయింది. ఆయనకి తెలియకుండానే ఎడం చేతి చొక్కా మడిచారు. పొద్దున్న పదకొండింటికి రాసిన నాలుగు గళ్లూ ఉన్నాయి. వంగి, ఒకటో గడి ఆవిడ ముక్కు దగ్గర పెట్టారు. ముక్కులో దూది పెట్టి ఉంది.

ఊపిరాడుతోందేమోనని చూస్తున్నారనుకున్నారు గోవిందరాజులు గారు. పక్కన గొంతుక్కూర్చుని, "లేదండీ రామయ్య గారూ, డాక్టరు చూశాడుగా" అన్నారు మెల్లిగా. తెలుసండీ అని ఆయన చొక్కా కిందికి దించుకున్నారు. మర్నాడు స్నానంలో గళ్లు చెరిగిపోయాయి.

ఆఫీసుకి ఇంటిపని మీద ఊరెళ్తున్నానని చెప్పి పదిహేను రోజులు సెలవు పెట్టారు. అబద్ధమాడాలని కాదు. ఫోనులో ఆ మాట చెప్పబోతే రాలేదు, వచ్చిన మాట అది. తిరిగి వెళ్లేరోజున బ్యాగు తీస్తే ఆ మంగళవారం ఫారం అందులోనే ఉంది. పది నిమిషాలూ, గంటా, నాలుగు గంటలూ ల్యాబులో అమ్మాయి వైశాలి చేతిరాతతో నిండి ఉన్నాయి. నాలుగో వరస ఖాళీ. చాలాసేపు చూసి, పేరు గడిలో ఛాయాదేవి అని రాశారు. ఎదురుగా, ఏమీ లేదు అని రాశారు. ల్యాబువాళ్లు దాన్ని శ్రద్ధగా చదివి, ఎనిమిదో గంటకి ఏమీ మిగలడం లేదట అని నాలుగు శాంపిళ్లలోనూ చెక్కా బంకా లాంటి అడుగు సరుకు పెంచారు.

తరవాత కొన్నాళ్లు నిజాయితీగానే ప్రయత్నించారు. గోవిందరాజులు గారిని బతిమాలితే ఏడింటికి వచ్చారు. రిటైరైన రైల్వే మనిషి, చెయ్యి పట్టుకుని టికెట్టు తనిఖీ చేసినట్టు చూసి, బాగుంది అన్నారు. నాలుగు గళ్లూ బాగున్నాయి. మర్నాడూ బాగుంది. మూడోరోజు, నిన్నటికంటే బాగుంది అన్నారు. నాలుగోరోజు గుమ్మంలోనే నిలబడి, ఈ ఏడింటి కార్యక్రమం ఇంకెన్నాళ్లండీ, వార్తలు పోతున్నాయి అన్నారు. ఎవరినీ తప్పు పట్టడానికి లేదు. మగవాడు మగవాడి చెయ్యి వాసన చూస్తూ ఎన్నాళ్లు వార్తలు మానుకుంటాడు.

ఆదివారం సాత్విక వచ్చింది. సెలవురోజైనా ఆయన పదకొండింటికే రాసుకుని సిద్ధంగా ఉన్నారు. అమ్మ కుర్చీలో కూర్చోమంటే కూర్చోలేదు, నిలబడే చెయ్యి అందుకుంది. ఒకటో గడి దగ్గరే ఆగిపోయింది. "పాపా, యే తో బస్ ఆప్ హో" అంది. వాసనేమీ తేడాగా లేదు నాన్నా, ఇది మీ వాసనే అని. చెయ్యి వదలకుండా అలాగే కాసేపు ఏడ్చింది. అది ఫారంలో రాయడానికి పనికొచ్చేది కాదు.

ఆ సాయంత్రమే సాత్విక గట్టిగా చెప్పింది, ఆఫీసులో చెప్పెయ్యమని. చెబితే ఎవరో ఒకరిని ఏర్పాటు చేస్తారు, లేదా మిమ్మల్ని మళ్లీ స్టోర్సులో వేస్తారు, ఏం పోయింది అంది. పిల్ల అన్నదాంట్లో తప్పేమీ లేదు. ఈ నెల రోజుల్లో గ్యాసు పుస్తకం మీదా, బ్యాంకులోనూ, ఓటర్ల జాబితాలోనూ, సొసైటీ వాట్సాప్‌లోనూ అమ్మ పేరు తీయించే పనంతా అదే చేసింది, చకచకా, ఏడుపాపుకుంటూ. ఆయన ప్రతిదానికీ సంతకం పెట్టారు. దీనికి మాత్రం తల అడ్డంగా తిప్పారు.

"చెబితే ఆ గడిలో ఇంకెవరి పేరో రాయమంటారే" అన్నారు.

ఆవిడ పేరు రోజూ రాయాల్సిన చోటు లోకంలో అదొక్కటే మిగిలింది.

ఆపైన ఆయన సొంతంగా రాయడం మొదలుపెట్టారు. అటక మీద పందొమ్మిదేళ్ల నోటుబుక్కులున్నాయి. శాంపిలు చూసి, నాలుగో గంటకి వైశాలి ఏం రాసిందో చూసి, ఇంచుమించు దానికి దగ్గరగా ఆవిడ ఎప్పుడో చెప్పినదాన్ని వెతికి దింపేవారు. కిటికీ ఊచలు రెండుసార్లు. ఇస్త్రీబండి పక్కన నిలబడ్డట్టు, ఒకసారి. వేసవి అంతా అలా గడిచింది. ఎవరికీ అనుమానం రాలేదు సరికదా, వైశాలి ఒకరోజు లిఫ్టు దగ్గర ఆగి, ఆంటీ ఈమధ్య మళ్లీ పాత ఫామ్‌లోకొచ్చారు అంకుల్ అంది. విశాఖపట్నం పిల్ల, వచ్చి రెండేళ్లయింది. ఆవిణ్ణి ఎన్నడూ చూడలేదు గాని ఆవిడ మాటలు తన డైరీలో ఎక్కించుకునేది. ఆంటీ ఎలా ఉన్నారు అని అడిగింది. ఇంట్లోనే ఉంటుందమ్మా అన్నారు. ఫోటో కిటికీ పక్కనే పెట్టారు, ఆ మేరకు నిజమే. లిఫ్టు దిగేదాకా చెవులు ఎర్రబడే ఉన్నాయి.

దసరా వెళ్లాక నోటుబుక్కులు తీయడం మానేశారు. ఒకనాడు ఏడింటికి తన కుర్చీలో కూర్చుని, ఎడం చేతిని తనే కుడిచేత్తో పట్టుకుని, ఆవిడలాగే కళ్లు మూసుకున్నారు. ఏమైనా తెలుస్తుందేమోనని. తెలిసింది.

పందొమ్మిదేళ్లు ఆవిడ వంగి ఆయన చెయ్యి వాసన చూస్తుంటే, ఆవిడ పాపిట సరిగ్గా ఆయన గడ్డం కింద ఉండేది. ఆవిడ చూసేది నాలుగు గళ్లు. ఆయన, వేరే పనేమీ లేక, ఆ పాపిట మీద ఊపిరి తీసుకుంటూ కూర్చునేవారు. నూనె లేని జుట్టు. కుంకుడుకాయ. ఎండలో ఆరిన నూలు చీర. నాలుగింటి కాఫీలో వేసుకున్న శొంఠి. వాసనలేమీ ఉండకూడదని ఆవిడ అన్నీ మానుకున్నాక మిగిలిన వాసన అది. ఒక్కరోజూ దాని గురించి ఆవిడతో అనలేదు. ఉద్యోగం ఆవిడ ముక్కుది, తన ముక్కుకి పని లేదనుకున్నారు. ఇప్పుడు ఏడయ్యేసరికి, చేతి మీద గులాబీ సబ్బున్నా, గంధం నూనె ఉన్నా, మగపిల్లల బాడీ స్ప్రే ఉన్నా, ఆ వాసన వచ్చి గడ్డం కింద ఆగుతోంది.

ఆయన కళ్లు తెరిచి, పేరు గడిలో ఛాయాదేవి అని రాసి, ఎదురుగా ఉన్నది ఉన్నట్టు రాశారు. కుంకుడుకాయ, ఎండిన నూలు, కాస్త శొంఠి. మార్చి తరవాత ఆ వరసలో ఆయన రాసిన మొదటి నిజం అదే. మర్నాడూ అదే నిజం.

ఈ నవంబరు మూడోవారంలో వైశాలి ఆయన్ని ల్యాబు పక్క చిన్న గదిలోకి పిలిచింది. తలుపు వేసింది. ఎప్పుడూ వెయ్యదు. బల్లనిండా ఫారాలు పరిచి ఉన్నాయి. ఏ పార్టీకి కొత్త బాడీ స్ప్రే వాసన తయారుచేసి ఇచ్చారో వాళ్ల నుంచి మెయిలొచ్చిందట. వాళ్ల ఆఫీసులో పదిమంది రాసుకుని చూశారట. పొద్దున్న బ్రహ్మాండం, మధ్యాహ్నం పరవాలేదు, ఇంటికెళ్లే వేళకి పదిమంది మీదా తడిసిన న్యూస్‌పేపరు కంపు. ఇంత తప్పు ఎనిమిదో గంటలో ఎవరికీ ఎలా తెలియలేదని అడిగారు. మిశ్రాజీ రిటైరై ఆయన స్థానంలో వచ్చిన కొత్త పెద్దాయన సాయంత్రంలోపు జవాబు రాసివ్వమన్నాడు. ఫారాల అడుగున ల్యాబు తరఫున ఉన్న సంతకం వైశాలిది.

సుందరరామయ్య గారు నిలబడే ఉన్నారు. పదకొండున్నరయింది. గంట కూడా కాని శాంపిళ్లు చేతి మీద ఉన్నాయి, నారింజ వాసన ఇంకా పూర్తిగా పోలేదు.

వైశాలి కోప్పడలేదు. కోప్పడితే బాగుండేదనిపించింది ఆయనకి. రాత్రి అంతా పాత ఫారాలు తిరగేశానంది. ఆంటీ చెప్పినవి ఎంత బాగుండేవో తనకి తెలుసు గనకే ఇది ఎలా అడగాలో తెలియడం లేదంది. ఒక్కో ఫారం ఆయన వైపు తిప్పి, నాలుగో వరస మీద వేలు పెట్టి చూపించింది. బల్ల ఈ కొస నుంచి ఆ కొస దాకా. ప్రతిదాంట్లోనూ, ఆయన పొందికైన ఇంగ్లీషు అక్షరాల్లో, సోప్‌నట్, సన్‌డ్రైడ్ కాటన్, డ్రై జింజర్. ప్రతిదాని పక్కనా ఛాయాదేవి.

ఆయన వంగి వాటిని చూశారు. ఇన్నిసార్లు రాశానని ఆయనకే తెలియదు. పేర్లన్నీ అలా పక్కపక్కన పరిచి ఉంటే, ఒకటో ఫారం తీసి అంచు సరిచేసి మళ్లీ అక్కడే పెట్టారు. సాయంత్రానికి ఏదో ఒక జవాబు రాయాలి. ఆంటీకి జలుబు చేసిందమ్మా అని రాయమనొచ్చు. ఈ పిల్ల నమ్ముతుంది, రాస్తుంది కూడా. సంతకం ఆ పిల్లదే. రేపు ఏడింటికి ఆ గడీ అలాగే ఉంటుంది. ఆ మాట నోటిదాకా వచ్చింది. ఎదురుగా వైశాలి, వాళ్లమ్మ పంపిన స్వెట్టరు చేతులు కిందికి లాక్కుంటూ, ఏడవకుండా ఉండటానికి చూస్తోంది.

"అంకుల్, ఇరవై ఆరు ఫారాలు, నూటనాలుగు శాంపిళ్లు. ఇందులో ఒకదానికీ ఇంకోదానికీ పోలిక లేదు" అంది. "ఎనిమిదో గంటకి అన్నీ ఒకటే వాసన ఎలా వేస్తాయి? ఆంటీ అసలు చూస్తున్నారా?"

సుందరరామయ్య గారు మడిచిన చొక్కా చెయ్యి గళ్ల మీదికి దించుకుని గుండీ పెట్టుకున్నారు.

"మార్చి నించీ ఏడింటికి ఇంట్లో నేనొక్కణ్ణే ఉంటున్నానమ్మా" అన్నారు.